డెట్రాయిట్ మునిగింది యూనియన్ల వల్లేనా? ఇక్కడ డై మేకర్లు దొరకట్లేదు

నోవి_నాగరాజు
శనివారం పాట్‌లక్‌లో మళ్ళీ అదే మాట. అమెరికన్ కార్ల కంపెనీలు ఎందుకిలా అయ్యాయి అని ఎవరో ఎత్తారు, నలుగురూ ఒకటే పాట, యూనియన్లు తిని కూర్చున్నాయి అని. వినీ వినీ విసుగొచ్చింది, అందుకే ఇక్కడ అడుగుతున్నా.

నేను చేసేది కార్లకి షీట్ మెటల్ పార్ట్స్ నొక్కే సప్లయర్ దగ్గర, పేరు వద్దులెండి. మా టూల్ రూమ్‌లో సీనియర్ డై మేకర్, అంటే షీట్‌ని ఆకారంలోకి నొక్కే ఉక్కు అచ్చు (డై) చేసేవాడు, ఈమధ్యే రిటైరయ్యాడు. ఆయన జాగాలోకి మనిషి దొరకట్లేదు. వచ్చిన రెజ్యూమేలన్నీ కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మెషిన్‌కి ప్రోగ్రామ్ లోడ్ చేసినవాళ్ళవే. ఇప్పుడొక డోర్ డై ట్రైఅవుట్‌లో, అంటే ప్రెస్‌లో పెట్టి సరిచూసే దశలో ఉంది, హ్యాండిల్ గుంట దగ్గర షీట్ చీలుతోంది, సిమ్యులేషన్‌లో చూస్తేనేమో అంతా పచ్చగానే ఉంది. పెద్దాయన పని నేను పక్కన నిలబడి చూసినవాణ్ణి. పంచ్ (డైలో షీట్‌ని నొక్కే భాగం) మీద నీలం రంగు పల్చగా పూసి ప్రెస్ మెల్లగా దించేవాడు, రంగు ఎక్కడ అంటుకుందో అక్కడ ఎత్తు ఉన్నట్టు, దాన్ని గ్రైండర్‌తో వెంట్రుకవాసి తీసేవాడు, మళ్ళీ పూసేవాడు, మళ్ళీ దించేవాడు. ప్యానెల్ బయటికొచ్చాక నూలు గ్లోవ్ తొడుక్కుని అరచెయ్యి ఆనించి ఈ చివర్నుంచి ఆ చివరికి నడిపితే లైటు కింద మాకెవరికీ కనపడని పల్లం ఆయన చేతికి తగిలేది. సాఫ్ట్‌వేర్ మాకూ ఉంది, ఆ చెయ్యే లేదు.

ఇలాంటి పనివాళ్ళు వేలమంది ఉన్న ఊరు ఇది. ఎక్కడికి పోయారు వీళ్ళంతా? నిజంగా యూనియనే కారణమా?

ట్రాయ్_సుబ్బారావు
నేను ఈ ఏరియాకి 80ల్లో వచ్చినవాణ్ణి, యూనియన్‌ని అంత తేలిగ్గా వదిలెయ్యలేను నాగరాజు గారూ. 1984లో జనరల్ మోటార్స్ (జీఎం) యూనియన్‌తో చేసుకున్న ఒప్పందంలో జాబ్స్ బ్యాంక్ అని పెట్టారు, ప్లాంట్‌లో పని లేకపోయినా మనిషికి దాదాపు పూర్తి జీతం. వేలమంది అలా రోజూ వచ్చి కూర్చుని వెళ్ళేవాళ్ళు. దానికితోడు రిటైరైనవాళ్ళ పెన్షను, హెల్త్ ఇన్సూరెన్సు. జీఎం చేసే ఒక్కో కారు మీద హెల్త్ ఖర్చే 1,500 డాలర్ల దాకా పడేదని 2000ల్లో కంపెనీ వాళ్ళే చెప్పేవాళ్ళు. ఆ భారం లేని టొయోటాతో ఎలా పోటీ పడతారు? 2009 జూన్ 1న జీఎం దివాలా పిటిషన్ వేశారంటే ఊరికే వెయ్యలేదు.

కాంటన్_కళ్యాణి
సుబ్బారావు గారూ, ఆ హెల్త్ ఖర్చు కంపెనీల నెత్తిన ఎలా పడిందో కూడా చెప్పాలి కదండీ. కార్ల వర్కర్ల యూనియన్ యూఏడబ్ల్యూ నాయకుడు వాల్టర్ రూథర్ ఆరోగ్య బీమా ప్రభుత్వమే అందరికీ ఇవ్వాలని ఏళ్ళ తరబడి అడిగాడు. అది కుదరకే 1950లో జీఎంతో ఆ పెద్ద ఒప్పందం చేసుకున్నారు, ట్రీటీ ఆఫ్ డెట్రాయిట్ అంటారే, అది. మార్కెట్ సగం జీఎందే అయిన రోజుల్లో ఆ ఖర్చు ఎవరికీ కనపడలేదు. జపాన్‌లో, జర్మనీలో బీమా దేశం మొత్తం మీద పంచారు, ఇక్కడ కంపెనీ మీద పెట్టి తర్వాత పనివాణ్ణి తిడుతున్నారు.

జాబ్స్ బ్యాంక్ కూడా అంతే, రోబోలు పెట్టుకోడానికి యూనియన్ అడ్డు రాకూడదు అని కంపెనీ సంతకం పెట్టిన కాగితమే అది. బలవంతంగా ఎవరూ రాయించుకోలేదు.

ఫ్రీమాంట్_బాబ్జీ
యూనియన్ వల్లే అనేవాళ్ళు మా ఊరి కథ ఒక్కసారి వినాలి. ఇప్పుడు టెస్లా ప్లాంట్ ఉన్న చోటే ఒకప్పుడు జీఎం ప్లాంట్ ఉండేది. కంపెనీ మొత్తంలో పరమ చెత్త ప్లాంట్ అని పేరు. రోజూ ఐదుగురిలో ఒకరు పనికే వచ్చేవాళ్ళు కాదు, లోపల తాగుడు, మేనేజర్లకీ వర్కర్లకీ రోజూ గొడవలే. 1982లో మూసేశారు. 1984లో టొయోటా, జీఎం కలిసి నమ్మీ అని పేరుపెట్టి అదే షెడ్డు తెరిచాయి. టొయోటా వాళ్ళు అదే యూనియన్‌ని ఒప్పుకున్నారు, ఎక్కువమంది పాత వర్కర్లనే తీసుకున్నారు, బ్యాచ్‌లుగా జపాన్ పంపి చూపించి తెచ్చారు. కొద్దికాలంలోనే క్వాలిటీ జపాన్ ప్లాంట్ దగ్గరికి వచ్చేసింది, పనికి రాని వాళ్ళ సంఖ్య నూటికి రెండో మూడో అయింది.

మారింది ఏంటంటే, లైన్ పక్కన ఒక తాడు పెట్టారు. తప్పు కనిపిస్తే ఎవరైనా లాగొచ్చు, టీమ్ లీడర్ పరిగెత్తుకొస్తాడు, టైమ్‌లో తేలకపోతే లైన్ ఆగుతుంది. అంతకుముందు జీఎంలో లైన్ ఆపితే ఉద్యోగం పోతుందనే భయం. బోల్టు లేకపోయినా ఇంజన్ తేడాగా కూర్చున్నా పోనిచ్చెయ్యడమే, చివర్లో యార్డులో పెట్టి మళ్ళీ ఊడదీసి బాగుచెయ్యడం. పనివాడికి తెలుసు ఆ కారు చెడిపోయిందని, చెప్పే దారి లేదు.

సీమ_శీనయ్య
అదే మనుషులా? అదే యూనియనా? నాకు ఇంతవరకు తెలియదు సామీ. ఇది చాలు కదా పాట్‌లక్‌లో వాళ్ళ నోరు మూయించడానికి.

ట్రాయ్_సుబ్బారావు
బాబ్జీ చెప్పింది నిజమే. మరి అంత బాగుంటే జీఎం మిగతా ప్లాంట్లలో ఎందుకు పెట్టలేదో అదీ చెప్పు.

ఫ్రీమాంట్_బాబ్జీ
పెట్టబోయారు సార్. తాడు కట్టారు, లాగితే తిట్టారు. ప్లాంట్ మేనేజర్‌కి బోనస్ ఎన్ని కార్లు బయటికి పంపావనే దాని మీదే కదా, ఇంక ఆపనిస్తాడా? పైగా 80ల్లో చైర్మన్ రోజర్ స్మిత్‌కి రోబోల మీద గురి. డెట్రాయిట్‌లో పోల్‌టౌన్ అనే పేటని ఇళ్ళూ చర్చిలతో సహా ఖాళీ చేయించి హామ్‌ట్రామ్క్ ప్లాంట్ కట్టారు. అక్కడ పెయింట్ రోబోలు కార్లని వదిలేసి ఒకదానికొకటి రంగేసుకున్నాయి. వేల కోట్ల డాలర్లు అలా పోయాయి.

వరంగల్_సాగర్
రోబోలు హోలీ ఆడినయన్నట్టు 😀

లెక్కల_రామ్
ముందు పతనం ఎవరిదో తేల్చుకుందాం. అమెరికాలో ఇప్పటికీ ఏడాదికి కోటి బండ్ల దాకా తయారవుతున్నాయి. కార్లు, విడిభాగాల ఫ్యాక్టరీల్లో 2000లో 13 లక్షల పైన ఉద్యోగాలు, 2009 మధ్యకి 6 లక్షల పైచిలుకు, తర్వాత మళ్ళీ పది లక్షల దాకా ఎక్కాయి. కాకపోతే ఎక్కింది చాలావరకు వేరే చోట. హోండా 1982లో ఒహాయో, నిస్సాన్ 1983లో టెనెసీ, టొయోటా 1988లో కెంటకీ, బీఎండబ్ల్యూ 1994లో సౌత్ కరోలినా, మెర్సిడెస్ 1997లో అలబామా. ఎక్కువభాగం దక్షిణం, యూనియన్ లేని చోట్లు. యూఏడబ్ల్యూ 1979లో 15 లక్షల మంది, ఇప్పుడు 4 లక్షల లోపు.

జపాన్ వాళ్ళు ఇక్కడ ఫ్యాక్టరీలు పెట్టడం ఊపందుకోడానికి ఒక పెద్ద కారణం 1981 కోటా. ఏడాదికి 16.8 లక్షల కార్లకి మించి పంపకండి అని రేగన్ ప్రభుత్వం ఒప్పించింది. వాళ్ళు ఇక్కడే కట్టడం పెంచారు, పంపే కొద్ది కార్లలో ఖరీదైనవి పంపారు. డెట్రాయిట్‌కి దొరికిన ఆ నాలుగేళ్ళ ఊపిరిని ధరలు పెంచుకోడానికి వాడుకున్నారు.

బెజవాడ_బుజ్జి
కోళ్ళ పన్ను గురించి ఎవరూ అనలేదేంటి?

సీమ_శీనయ్య
కోళ్ళకీ కార్లకీ ఏం సంబంధం అబ్బీ?

బెజవాడ_బుజ్జి
ఉంది. 60ల్లో అమెరికా కోడిమాంసం మీద యూరప్ వాళ్ళు సుంకం వేశారు, దానికి బదులుగా 1964లో అమెరికా బయటినుంచొచ్చే చిన్న ట్రక్కుల మీద 25 శాతం సుంకం వేసింది. కోళ్ళ గొడవ ఎప్పుడో పోయింది, ట్రక్కు సుంకం ఇప్పటికీ ఉంది. దాంతో పికప్‌ల్లో పోటీ లేదు, లాభమంతా అక్కడే. చిన్న కారు బాగా చెయ్యడం నేర్చుకోవాల్సిన అవసరమే రాలేదు వాళ్ళకి. 2018లో ఫోర్డ్ అయితే ముస్టాంగ్ తప్ప సెడాన్లన్నీ అమెరికాలో ఆపేస్తున్నాం అని చెప్పేసింది. గోడ కట్టి కాపాడితే పనితనం దానంతటదే నిలబడుతుంది అనుకునేవాళ్ళకి నా జవాబు ఇదే. ఇప్పుడు 2025 ఏప్రిల్ నుంచి బయటినుంచొచ్చే కార్ల మీద కూడా సుంకాలు మొదలయ్యాయి, మరి డై చేసేవాడు ఎక్కణ్ణుంచి వస్తాడు?

వారెన్_విజయ
నాగరాజు గారి అసలు ప్రశ్నకి ఎవరూ రాలేదు, పనివాళ్ళు ఎక్కడికి పోయారు అని. మా ఇంట్లో జరిగింది చెప్తాను.

మా ఆయన పార్ట్‌నర్‌తో కలిసి ఇక్కడ చిన్న టూల్ షాప్ నడిపారు. డెట్రాయిట్ పక్క మెకాంబ్ కౌంటీలో అప్పట్లో ఏ ఇండస్ట్రియల్ రోడ్డులోకి తిరిగినా వరసగా అలాంటి షాపులే, ఇరవై ముప్పై మంది పనివాళ్ళు, రెండు మిల్లింగ్ మెషిన్లు, ఒక ట్రైఅవుట్ ప్రెస్. డై చెయ్యాలంటే ముందు స్టీలు కొనాలి, క్యాస్టింగ్‌లు తెప్పించాలి, నెలల తరబడి జీతాలివ్వాలి. డబ్బు ఎప్పుడొస్తుంది? ఆ డై మీద వచ్చిన పార్ట్‌ని కస్టమర్ అప్రూవ్ చేశాక. డిజైన్ మారిందంటే అప్రూవల్ ఇంకా వెనక్కి. అంటే కోట్ల డాలర్ల కంపెనీకి మేం అప్పిచ్చినట్టు. ఒక పెద్ద కస్టమర్ పర్చేజింగ్ వాళ్ళు ప్రతి ఏడూ రేటు తగ్గించమనేవాళ్ళు, తర్వాత చైనా కొటేషన్ తెచ్చి బల్ల మీద పెట్టి దీనికి చేస్తావా అని అడిగేవాళ్ళు. ఆ రేటుకి మాకు స్టీలూ మెషినింగే రావు.

2008లో బ్యాంకు లైన్ ఆఫ్ క్రెడిట్ (కావాల్సినప్పుడు అప్పు తీసుకునే వీలు) ఆపేసింది, అక్కడితో అయిపోయింది. మెషిన్లు వేలంలో పోయాయి. మా దగ్గర చేసినవాళ్ళలో ఒకాయన హార్డ్‌వేర్ స్టోర్‌లో చేరాడు, ఇంకొకాయన స్కూల్ బస్సు తోలాడు, కొందరు తొందరగా రిటైరైపోయారు. అప్రెంటిస్‌గా ఉన్న కుర్రాళ్ళిద్దరికీ నాలుగేళ్ళ శిక్షణ మధ్యలో ఆగిపోయింది. ఇది యూనియన్ షాప్ కాదు. ఇక్కడ జాబ్స్ బ్యాంకూ లేదు, పెన్షనూ లేదు. మరి మమ్మల్ని ముంచింది ఎవరు సుబ్బారావు గారూ?

ట్రాయ్_సుబ్బారావు
విజయమ్మా, చిన్న షాపుల విషయంలో నేను కాదనను. నేనన్నది పెద్ద మూడు కంపెనీల (జీఎం, ఫోర్డ్, క్రైస్లర్) సంగతి.

కాంటన్_కళ్యాణి
పెద్ద మూడూ కొనే డైలే కదండీ ఈ చిన్న షాపులు చేసేవి. రెండూ వేరు ఎలా అవుతాయి?

బాలానగర్_యాదగిరి
విజయక్క చెప్పిందానికి ఇటు దిక్కు నుంచి నేను కలుపుత. నేను బాలానగర్ల సీఐటీడీల (సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్) చదివిన, 1968 నుంచి ఉన్న సంస్థ అది. ఇప్పుడు హైదరాబాద్ల కూసొని అమెరికా ప్లాంట్లకు డై ఫేస్ (షీట్‌కు తగిలే డై పైభాగం) మోడల్ చేస్త. పని మంచిగనే ఉంటది, పైసలు మంచిగనే వస్తయి. గని నేను గీసిన డై ప్రెస్ల ఎక్కినంక ఏమైందో నాకు తెల్వది. చీలిందా, ముడతలొచ్చినయా, ఏడ గ్రైండ్ చేసిన్రు, ఏ బీడ్ (షీట్ జారకుండ పట్టే గట్టు) తగ్గించిన్రు, ఒక్క ముక్క కూడ వాపస్ రాదు. టికెట్ క్లోజ్ అయితది, ఇంకో జాబ్ వస్తది. సీఐటీడీల ఉన్నప్పుడు నేను గీసింది నేనే ఫిట్ చేసిన, తప్పు అయితే సార్ నా ముంగటనే ఊడదీపిచ్చిండు. నాగన్నా, మీ డోర్ ఫైల్ కూడ నా అసొంటోడు ఎవడో చేసే ఉంటడు. వాని తప్పు గాదు, వానికి ఎవ్వరు చెప్తలేరు.

నోవి_నాగరాజు
యాదగిరి అన్నా, నువ్వన్నది అక్షరాలా నిజం. ఇక్కడ టూల్ రూమ్‌లో చేసే మార్పులు డై మీద ఉంటాయి, మోడల్‌లోకి వెనక్కి ఎక్కవు. పెద్దాయన తలకాయలో ఉండేవి, ఆయనతోపాటు గేటు దాటాయి. ఈవారం మీ వైపు టీమ్‌ని ట్రైఅవుట్ కాల్‌లోకి పిలవమని మా మేనేజర్‌ని అడుగుతా.

ఒహాయో_వాసు
మా డేటన్ పక్కన మోరెయిన్ అని జీఎం ఎస్‌యూవీ ప్లాంట్ ఉండేది. 2008 డిసెంబర్ 23న మూసేశారు, క్రిస్మస్‌కి రెండ్రోజుల ముందు. అదే రోజు విస్కాన్సిన్‌లో జేన్స్‌విల్ కూడా. తర్వాత మోరెయిన్ బిల్డింగ్‌లోకి చైనా గాజు కంపెనీ ఫుయావో వచ్చింది, కారు అద్దాలు చేస్తుంది. ఊరికి ఉద్యోగాలొచ్చాయి, కాదనలేం, కానీ మొదట్లో ఇచ్చిన జీతం జీఎం ఇచ్చినదాంట్లో సగం కూడా లేదు. మా పక్కింటాయన రెండు చోట్లా చేశాడు. ఇల్లు నిలబెట్టుకోలేకపోయాడు.

ఇంకొకటి మా ఒహాయోలోనే జీఎం లార్డ్స్‌టౌన్ ప్లాంట్. 1972లో గంటకి వంద వేగా కార్లు తియ్యాలని లైన్ పరిగెత్తించారు, ఒక్కో కారుకి 36 సెకన్లు. కుర్రాళ్ళు సమ్మె చేశారు. పేపర్లన్నీ జీతం కోసం అనుకుంటే వాళ్ళు అడిగింది సరిగ్గా బిగించే టైమ్ ఇవ్వమని, మనుషుల్ని తగ్గించకండని. ఆ ప్లాంట్ 2019లో ఆగింది.

ఫ్లింట్_పద్మ
నేను ఫ్లింట్‌లో నర్సుని. 1936 డిసెంబర్ 30 నుంచి 44 రోజులు వర్కర్లు ఫ్యాక్టరీ లోపలే కూర్చుని సమ్మె చేసి యూనియన్‌ని ఒప్పించింది ఇక్కడే. 70ల చివర్లో జీఎంలో దాదాపు 80 వేలమంది పనిచేసిన ఊరు. 1960లో జనాభా 2 లక్షలకి దగ్గర, 2020 లెక్కల్లో 81 వేలు. పన్నులు కట్టేవాళ్ళు పోయారు, నీళ్ళ పైపులు మాత్రం అన్నీ ఉన్నాయి. 2014లో ఖర్చు తగ్గుతుందని నది నీళ్ళకి మారిస్తే పైపుల్లో సీసం వచ్చి నీళ్ళలో కలిసింది. అదే నీళ్ళు తమ ఇంజన్ పార్ట్స్‌కి తుప్పు పట్టిస్తున్నాయని జీఎం ఆ అక్టోబర్‌లోనే వేరే నీళ్ళకి మారిపోయింది. జనం ఇంకో ఏడాది అవే తాగారు.

నా దగ్గరికొచ్చే పెద్దవాళ్ళ చేతులు చూస్తే ఏ డిపార్ట్‌మెంటో తెలిసిపోతుంది. ఫౌండ్రీ (లోహం కరిగించి పోసే చోటు) వాళ్ళ ఊపిరితిత్తులు, ప్రెస్ షాప్ వాళ్ళకి వినపడకపోవడం. తిని కూర్చున్నారు అనేవాళ్ళు ఒక్కరోజు నా వార్డుకి రండి.

డియర్‌బోర్న్_రజని
పద్మ గారి పోస్ట్ చదివి కాసేపు ఏమీ రాయలేకపోయా. ఒక్కటి మాత్రం కలపాలి. ఆ మంచి రోజులు అందరికీ మంచివి కావు. నల్లవాళ్ళని ఫౌండ్రీలో, పెయింట్‌లో పెట్టేవారు, డై మేకర్, ఎలక్ట్రీషియన్ లాంటి స్కిల్డ్ ట్రేడ్స్‌లోకి దాదాపు రానివ్వలేదు. అప్రెంటిస్ సీటు తండ్రి నుంచి కొడుక్కి, మామ నుంచి మేనల్లుడికి. యూనియన్ కూడా చాలాకాలం చూసీ చూడనట్టు ఊరుకుంది, అందుకే 1968లో క్రైస్లర్ వాళ్ళ డాడ్జ్ మెయిన్ ప్లాంట్‌లో నల్ల వర్కర్లు డ్రమ్ అని సొంత సంఘం పెట్టుకున్నారు. సగం ఊరికి తలుపు మూసేసి ఇప్పుడు నేర్చుకునేవాళ్ళు లేరంటే ఎలా?

మనలాంటి వాళ్ళ సంగతీ మర్చిపోవద్దు. 1982లో జపాన్ కార్ల మీద కోపం మీదున్నప్పుడు విన్సెంట్ చిన్ అనే చైనా మూలాల కుర్రాణ్ణి క్రైస్లర్ ఫోర్‌మన్ ఒకడు, అతని సవతి కొడుకు కలిసి బేస్‌బాల్ బ్యాట్‌తో కొట్టి చంపారు. అతను జపాన్‌వాడు కూడా కాదు. శిక్ష మూడేళ్ళ ప్రొబేషను, మూడువేల డాలర్ల ఫైను. అప్పట్లో ఇక్కడున్న మన పెద్దవాళ్ళు పార్కింగ్‌లో హోండా ఎక్కడ పెట్టాలో ఆలోచించి పెట్టేవాళ్ళు.

ట్రాయ్_సుబ్బారావు
అవునమ్మా, అది నేను చూశాను. యూనియన్ హాల్ దగ్గర విదేశీ కార్లు ఇక్కడ ఆపొద్దని బోర్డులుండేవి.

నాగరాజు గారూ, నా మాట పూర్తిగా వెనక్కి తీసుకోను, జాబ్స్ బ్యాంక్ తప్పే. కానీ తప్పుల వరసలో అది మొదటిది కాదు అని ఒప్పుకుంటా.

లెక్కల_రామ్
2007లో టూ టైర్ తెచ్చారు, కొత్తగా చేరేవాడికి పాతవాడి జీతంలో సగం, గంటకి 14 డాలర్ల దగ్గర. ఒకే లైన్‌లో పక్కపక్కన నిలబడి ఒకే పని. అలాంటి చోటికి తెలివైన కుర్రాడు ఎందుకొస్తాడు? 2023 సమ్మెలో 25 శాతం పెంచుకుని ఆ తేడా చాలావరకు పోగొట్టారు. సమ్మెలో అడిగినంత ఇవ్వలేమన్న జీఎం ఆ నవంబర్‌లోనే వెయ్యి కోట్ల డాలర్లు పెట్టి సొంత షేర్లు కొంటున్నాం అని ప్రకటించింది. ఆ డబ్బులో కొంచెం అప్రెంటిస్‌ల మీద పెట్టి ఉంటే ఈ థ్రెడ్ ఉండేది కాదు.

సీమ_శీనయ్య
అక్కడే కాదు, మా తమ్ముడు చెన్నై పక్కన మరైమలై నగర్ ఫోర్డ్ ప్లాంట్‌కి పార్ట్స్ ఇచ్చే దాంట్లో చేసినాడు. 2021 సెప్టెంబర్‌లో ఇండియాలో తయారీ ఆపేస్తాం అన్నారు. ఇప్పుడు వాడు పెనుకొండ దగ్గర కియాకి పార్ట్స్ ఇచ్చే కంపెనీలో ఉండాడు. పని తెలిసినోడు కాబట్టి రెండు నెలల్లో దొరికింది.

నోవి_నాగరాజు
అందరివీ చదివా. అసలు ఈ ప్రశ్న నాకెందుకు గుచ్చుకుందో చెప్తా. మా అబ్బాయి ట్వెల్త్ గ్రేడ్. సెలవుల్లో మా టూల్ రూమ్‌కి తీసుకెళ్తే అక్కడే అతుక్కుపోయాడు, ఇప్పుడు కంప్యూటర్ సైన్స్ వద్దు, కమ్యూనిటీ కాలేజ్‌తో కలిపి టూల్ అండ్ డై అప్రెంటిస్‌షిప్ చేస్తానంటున్నాడు. నాలుగేళ్ళు, ఎనిమిది వేల గంటలు, జీతం ఇస్తూ నేర్పిస్తారు. వాళ్ళమ్మ రెండ్రోజులుగా మాట్లాడట్లేదు. ఇంత చదివాక చెప్పండి, పంపమంటారా?

బెజవాడ_బుజ్జి
డిగ్రీ లేకపోతే పెళ్ళి సంబంధాలు ఎలా అని మొదలెడతారు చూడండి మన పాట్‌లక్ బ్యాచ్ 😀 పంపండి బాబాయ్.

ట్రాయ్_సుబ్బారావు
వద్దంటాను. ప్లాంట్ ఎప్పుడు మూస్తారో తెలీదు. ఇంజనీరింగ్ డిగ్రీ చేసి ఆ తర్వాత షాప్‌లోకి వెళ్ళమనండి, రెండు దారులూ ఉంటాయి.

వారెన్_విజయ
పంపండి. కానీ ఎవరి కింద నేర్చుకుంటాడో ముందు చూడండి, కంపెనీ పేరు కాదు. మా ఆయన ఇప్పుడు వారానికి మూడు సాయంత్రాలు ట్రైనింగ్ సెంటర్‌లో బెంచ్ వర్క్ నేర్పుతున్నారు. బాబుని ఒకసారి తీసుకురండి, మీ డోర్ ప్యానెల్ ఫొటోలు కూడా తెండి, ఆయన చూస్తానన్నారు.

నోవి_నాగరాజు
విజయ గారూ, గురువారం వస్తాం. చీలిన ప్యానెలే కారులో వేసుకొస్తా.

బాలానగర్_యాదగిరి
ఆ ప్యానెల్ ఫొటోలు నాకు కూడ పంపు అన్నా. పోరనికి చెప్పు, ట్రిగ్నామెట్రీ గట్టిగ చెయ్యమను. సైన్ బార్ (కోణం పెట్టే ఉక్కు కడ్డీ) కింద స్లిప్ గేజ్‌లు (కచ్చితమైన కొలత ఉన్న ఉక్కు దిమ్మెలు) పెట్టి కోణం సెట్ చేసుడు మొదటి నెలల్నే వస్తది, ఆడ క్యాలిక్యులేటర్ ఉంటది గని సైన్ ఏందో తెల్వకుంటే ఏ గేజ్ పెట్టాల్నో తెల్వది.